ఏ కాలంలో దిగాలి?

చరిత్ర నవలకు ఊరు దొరకడం తేలిక, కాలం దొరకడమే కష్టం. మదీనా పాత రైల్వే స్టేషన్ ముందు నిలబడి, పద్నాలుగు శతాబ్దాల్లోంచి ఒక్క పదకొండేళ్లను ఏరుకున్న వైనం ఇది.

"భాయ్‌సాబ్, ఈ టేషన్ల రైలెక్కడిది? రైలెక్కాల్నంటే కొత్త టేషన్ ఇంకో దిక్కున్నది" అన్నాడు టాక్సీ ఆయన. బోధన్ పక్కన పల్లెటూరు ఆయనది. పద్దెనిమిదేళ్లుగా మదీనాలో బండి నడుపుతున్నాడు. నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడేదాకా ఉర్దూలో ముక్తసరిగా జవాబులిచ్చినవాడు, ఆ తర్వాత సొంత మనిషైపోయాడు.

"నాకు రైలొద్దు భాయ్. స్టేషనే కావాలి" అన్నాను.

అద్దంలోంచి ఒకసారి నావైపు చూశాడు. ఇంకేమీ అడక్కుండా అంబరియా వైపు బండి తిప్పాడు.

ఫజర్ నమాజు అయ్యి గంట దాటింది. వీధిలో జనం పలచబడ్డారు. ఎదురుగా కమానుల వరసతో రాతి స్టేషన్, దాని పక్కన నల్లరాతితో కట్టిన అంబరియా మసీదు. దానికి రెండు మినార్లు. రెండూ ఒకే కాలం కట్టడాలు. స్టేషన్ ఇప్పుడు మ్యూజియం. తలుపులు తీసేదాకా బయటే తిరిగాను. లోపలికి వెళ్లాక మొదట చేసిన పని, పట్టాల మధ్య అడుగు మీద అడుగు వేసి కొలవడం. నా పాదాలు నాలుగు పట్టాయి, ఇంకా కాస్త మిగిలింది. 1,050 మిల్లీమీటర్లు. మన మీటర్ గేజీకన్నా ఐదు సెంటీమీటర్లు ఎక్కువ. ఆ లెక్క పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. పాదాలతో కొలిచాకే అది నాకు నిజమైంది.

నాలుగేళ్లుగా నేనొక నవల మీద కూర్చున్నాను. అందులో మనిషి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఒక మున్షీ. అతను మదీనాకు వెళ్తాడు, తిరిగి రాడు. ఇంతవరకు మొదటిరోజే తెలుసు. ఏ సంవత్సరంలో వెళ్తాడన్నది తేలడానికి రెండేళ్లు పట్టింది.

మదీనాలో కథ అనగానే ఎవరి మనసైనా క్రీ.శ. 622కే పోతుంది. ప్రవక్త మక్కా నుంచి ఇక్కడికి వచ్చిన సంవత్సరం, హిజ్రీ శకానికి మొదలు. ఆ కాలం వైపు నేను కలం తిప్పలేదు. భయంతో కాదు, గౌరవంతో. ఈ ఊరికి మాట విషయంలో ఒక కట్టుబాటు ఉంది. ఇమామ్ మాలిక్ ఎనిమిదో శతాబ్దంలో ఇక్కడే కూర్చుని పాఠం చెప్పారు, ఇక్కడే 'మువత్తా' కూర్చారు. ఒక హదీసు చెప్పాలంటే ముందు అది ఎవరి నోట విన్నావో చెప్పాలి, ఆయన ఎవరి దగ్గర విన్నాడో చెప్పాలి. ఆ గొలుసు మూలందాకా తెగకుండా పోవాలి. మధ్యలో ఒక్క కడియం వదులైనా పండితులు ఊరుకోరు. మాట మాటకూ ఇంత కాపలా ఉన్న కాలంలోకి వెళ్లి, లేని సంభాషణ కల్పించి ఒకరి నోట పెట్టడం నాకు చేతకాదు. ముస్తఫా అక్కాద్ 1976లో 'ద మెసేజ్' సినిమా తీసినప్పుడు ప్రవక్తను తెరమీద చూపించలేదు, గొంతు కూడా వినిపించలేదు. కెమెరానే ఆయన చూపుగా వాడుకున్నాడు. అంత నిగ్రహం ఉన్నా ఆ సినిమా గొడవల్లో పడింది.

కానీ ఆ గొలుసు పద్ధతిని మాత్రం నేను వెంట తెచ్చుకున్నాను. చరిత్ర నవల రాసేవాడికి అంతకన్నా మంచి బడి లేదు. మున్షీ లాంతరు వెలిగించాడని రాస్తే, ఆ ఏడు ఆ వీధిలో లాంతరు ఉందని నీకెవరు చెప్పారు? ఆ చెప్పినవాడు చూశాడా, విన్నాడా? లోకం గురించి రాసే ప్రతి వాక్యానికీ ఈ ప్రశ్న. మనిషి మనసులో ఏమనుకున్నాడన్నది ఒక్కటే నాకు వదిలిన చోటు.

అగ్నిపర్వతం పిలిచింది

622 కాదనుకున్నాక నన్ను గట్టిగా లాగింది 1256. ఆ వేసవిలో మదీనా చుట్టూ భూమి కంపించింది. జూన్ చివర్లో ఊరికి ఆగ్నేయంగా నేల బద్దలై లావా ఉబికింది. యాభై రోజులకు పైగా పారింది. ఊరి పొలిమేరకు కొద్ది మైళ్ల అవతల ఆగింది. జనం ప్రవక్త మసీదులో చేరి రాత్రంతా దువా చేశారు. అక్కడి నుంచి డమాస్కస్‌కు వెళ్లిన ఉత్తరాలను చరిత్రకారుడు అబూ షామా తన గ్రంథంలో ఎక్కించాడు. కొద్ది నెలలకే, రంజాన్ మొదట్లో, దీపం నిప్పు అంటుకుని మసీదే కాలిపోయింది. అదే ఏడు మంగోలు నాయకుడు హులగు సేనలు అలమూత్ కోటను పట్టుకున్నాయి. మరో రెండేళ్లకు బాగ్దాద్ కూలింది. అప్పటికి మన దగ్గర ఓరుగల్లులో గణపతిదేవుడున్నాడు. విదేశీ వర్తకులకు మోటుపల్లి రేవులో అభయమిస్తూ 1244లో ఆయన వేయించిన శాసనం ఇప్పటికీ ఉంది. మోటుపల్లిలో ఓడెక్కిన వర్తకుడొకడు ఎర్రసముద్రం దాటి మదీనా చేరి ఆ నిప్పు వెలుతురు చూస్తే!

ఎంత బావుందో కదా. నలభై పేజీలు రాశాను కూడా. ఆ పేజీల్లో అందరూ నోరు తెరిచి కొండవైపు చూస్తూనే ఉన్నారు. సంఘటన అంత పెద్దదైనప్పుడు మనుషులు ప్రేక్షకులైపోతారు. భూమి బద్దలవుతుంటే ఎవరూ ఏదీ ఎంచుకోలేరు, పరుగెత్తడం తప్ప. మనిషి తప్పు చేయగల, తర్వాత దాన్ని మోయగల కాలం కావాలి కథకు. ఆ పేజీలు పెట్టెలో పెట్టేశాను.

గోల్కొండ కాలం కూడా చూశాను. మచిలీపట్నం ఓడలు పదిహేడో శతాబ్దంలో ఎర్రసముద్రపు రేవులకు పోయేవి. సరుకుతోపాటు హాజీలనూ మోసుకెళ్లేవి. ఓడ దాకా ఆధారాలు దొరికాయి. ఓడ దిగాక నా మనిషి చెయ్యి జారిపోయింది.

రెండు తేదీల మధ్య ఒక మున్షీ

కాలం నాకు దొరికింది ఒక క్యాలెండర్ లెక్కలో. డమాస్కస్ నుంచి హిజాజ్ రైలు మదీనా చేరింది 1908 సెప్టెంబర్ 1న. హైదరాబాద్‌ను మూసీ ముంచెత్తింది అదే నెల 28న. ఈ రెండు తేదీలూ విడివిడిగా ఎప్పటినుంచో తెలుసు. ఒక రాత్రి రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన పడ్డాయి. మధ్య ఇరవై ఏడు రోజులు. నిద్ర పట్టలేదు.

ఇంకాస్త లెక్కగట్టాను. ఆ సెప్టెంబర్ 28 హిజ్రీ 1326 రంజాన్ మొదటి రోజుల్లో పడుతుంది. తెలుగు లెక్కలో కీలక నామ సంవత్సరం, ఆశ్వయుజం మొదలై రెండుమూడు రోజులు. అంటే మూసీ ఒడ్డున ఒకపక్క బతుకమ్మ ఆడే రోజులు, ఇంకోపక్క ఉపవాసాలు మొదలైన రోజులు. ఆ తెల్లవారుజాము సహరీకి లేచిన ఇళ్లలోకే నీళ్లొచ్చి ఉంటాయి. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. నాలుగు వంతెనల్లో పాతపూల్ నిలిచింది, మిగతా మూడూ కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో చింతచెట్టు నూట యాభై మందిని కొమ్మల మీద బతికించింది. ఆ చెట్టు ఇప్పుడూ ఉంది, ఉస్మానియా ఆసుపత్రి వెనక. మళ్లీ ఇలాంటి వరద రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనల్లోంచి పుట్టినవే.

రైలు వైపు చూస్తే అందులోనూ హైదరాబాద్ ఉంది. సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ 1900లో ఈ లైను మొదలుపెట్టినప్పుడు యూరప్ బ్యాంకుల అప్పు వద్దనుకున్నాడు. ప్రపంచంలోని ముస్లింలను చందా అడిగాడు. ఇచ్చినవారికి ఇచ్చినదాన్ని బట్టి పతకాలు పంపించేవారు. మన దగ్గర ఆ చందాల కోసం ఊరూరా తిరిగిన పెద్దమనిషి ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అరబ్బీ రాతప్రతులను అచ్చువేసే దాయిరతుల్ మఆరిఫ్ స్థాపకుల్లో ఒకరు, కాంగ్రెస్‌ను సమర్థించిన తొలితరం హైదరాబాదీ. రైలు మదీనా చేరడం ఆయన చూడలేదు. 1906లోనే పోయారు.

నా మున్షీ ఆ చందా పుస్తకంలో ఒక రూపాయి రాసినవాడు. 1908 జనవరిలో హజ్ చేసి, అక్కడే ఉండిపోవాలనుకుని మదీనా వచ్చాడు. అలా ఉండిపోయేవాళ్లను ముజావిర్లంటారు. సెప్టెంబర్ 1న స్టేషన్‌కు పోయి, తన రూపాయి ఏ పట్టాలో, ఏ మొలలో ఉందోనని వెతుక్కున్నాడు. నాలుగు వారాలకు ఇల్లూ, ఇంట్లోవాళ్లూ నీళ్లలో కలిశారు. రైలుకన్నా ముందే మదీనాకు టెలిగ్రాఫ్ తీగ వచ్చింది కాబట్టి కబురు నెలల తరబడి నలగలేదు, రోజుల్లోనే వచ్చింది.

ఇక్కడ నేనొక పెద్ద తప్పు చేశాను, అది చెప్పాలి. మొదటి రాతప్రతిలో మున్షీని జెడ్డాలో ఓడ దింపి, రైలెక్కించి మదీనా తెచ్చాను. చదివిన మిత్రుడు ఒక్క ముక్క అడిగాడు, "జెడ్డా నుంచి రైలుందా?" లేదు. దాదాపు 1,300 కిలోమీటర్ల ఆ లైను ఉత్తరం నుంచి మదీనా దాకా వచ్చి ఆగిపోయింది. మక్కాకు గానీ, జెడ్డాకు గానీ ఎన్నడూ పోలేదు. బొంబాయిలో ఓడెక్కిన హిందుస్తానీ హాజీ కమరాన్ దీవిలో క్వారంటైన్ గడిపి, జెడ్డాలో దిగి, ఒంటె మీద రోజుల తరబడి ఊగుతూ రావలసిందే. డమాస్కస్ నుంచి వచ్చేవాళ్లకు మాత్రం నలభై రోజుల బాట మూడు నాలుగు రోజులైంది. రైలుకు చందా ఇచ్చినవాడు ఒంటె మీద వచ్చాడన్నమాట. తప్పు దిద్దుకుంటూ ఉంటే ఆ అధ్యాయం మొత్తం మారిపోయింది, మున్షీ ముఖం మొదటిసారి స్పష్టంగా కనబడింది. ఒంటెల బాడుగ మీద బతికే బదూలు రైలును ఎందుకు ద్వేషించారో, మదీనా పొలిమేరల్లో 1908లోనే ఎందుకు తిరగబడ్డారో కూడా అప్పుడే తెలిసింది. మున్షీని మోసుకొచ్చిన ఒంటె యజమానికి ఆ రైలు అన్నం లాక్కునేది.

గడియారం కూడా నన్ను ఇలాగే పట్టుకుంది. ఆనాటి మదీనాలో సూర్యుడు అస్తమించగానే పన్నెండు. రోజూ మగ్రిబ్‌కు ముల్లు సరిచేసుకోవాలి. "మూడు గంటలకు రా" అంటే పొద్దుగూకి మూడు గంటలు గడిచాక అని. నేను మధ్యాహ్నం మూడనుకుని రాసిన ఒక సన్నివేశం నిండా ఎండ ఉంది. దాన్ని చీకట్లోకి మార్చాను. ఇద్దరు మనుషులు ఎండలో చెప్పుకోలేని మాట చీకట్లో చెప్పుకున్నారు.

లోపలున్నవాళ్లు

1908లో దిగితే 1919 దాకా ప్రయాణం తప్పదు. ప్రపంచం ఈ కాలాన్ని బ్రిటిష్ అధికారి లారెన్స్ కళ్లతో చూసింది. ఆయన జ్ఞాపకాల పుస్తకం, డేవిడ్ లీన్ 1962లో తీసిన సినిమా, రెండింట్లోనూ ఇసుక, గుర్రాలు, డైనమైట్‌తో లేచిపోయే పట్టాలు. పట్టా చివర ఉన్న ఊరు అందులో కనబడదు. 1916 జూన్‌లో మక్కా పాలకుడు షరీఫ్ హుస్సేన్ టర్కీ మీద తిరగబడ్డాక మదీనాను టర్కీ సేనాని ఫఖ్రీ పాషా పట్టుకు కూర్చున్నాడు. రెండున్నరేళ్ల ముట్టడి. తిండి లేక సిపాయిలను మిడతలు తినమని ఉత్తర్వు ఇచ్చాడు. 1918 అక్టోబర్ 30న సంధి కుదిరినా లొంగలేదు. చివరికి 1919 జనవరిలో సొంత అధికారులే ఆయన్ను పట్టి అప్పగించారు. టర్కీలో ఆయన వీరుడు.

ఊరి జనానికి మాత్రం ఆ రోజుల పేరు 'సఫర్ బర్లిక్'. అసలు అది యుద్ధ సన్నాహం అని అర్థమొచ్చే టర్కిష్ మాట. మదీనాలో దానికి అర్థం మారింది. అన్నం పెట్టలేక, సైన్యానికి తిండి మిగుల్చుకోవడానికి జనాన్ని రైలెక్కించి ఉత్తరాదికి పంపించేశారు. కుటుంబాలు చెదిరిపోయాయి, ఇళ్లు తాళాలతో మిగిలాయి. సౌదీ రచయిత మక్బూల్ అల్ అలవీ ఆ మాటనే పేరుగా పెట్టి నవల రాశారు.

ఇప్పుడు మున్షీ సంగతి. నిజాం ఆ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైపున్నాడు. హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనాలో టర్కీ సేనలతో తలపడ్డారు. మున్షీ ఉన్నది టర్కీ జెండా కింద. పదేళ్ల కింద ఊరంతా కలిసి చందాలిచ్చిన రైలు, ఇప్పుడు ఆ ఊరి సిపాయిలకు శత్రువుల రైలు. తన రూపాయి పడిన పట్టా మీదే, తాను చచ్చిపోవాలని వచ్చిన ఊళ్లోంచి తనను బయటికి పంపిస్తున్నారు. ఇంత ముడి పడిన కాలం నాకు మరోచోట దొరకలేదు. ఇందులో ఏ ఒక్క ముడీ నేను వేసింది కాదు.

మన చరిత్ర నవలలో కాలం ఎంపిక చాలాకాలం రాజుల పేర్లతోనే సాగింది. బాపిరాజు 'హిమబిందు'కు శాతవాహనుల్ని, 'గోన గన్నారెడ్డి'కి కాకతీయుల్ని ఎంచుకున్నారు. నోరి నరసింహశాస్త్రి నన్నయ, శ్రీనాథుల కాలాలకు వెళ్లారు. విశ్వనాథ 'ఏకవీర'కు మధుర నాయకుల్ని పట్టుకున్నారు. మనదంటూ ఒక ఘనత ఉందని జాతికి గుర్తుచేయవలసిన తరం అది, ఆ ఎంపిక వాళ్ల అవసరం. తెన్నేటి సూరి మాత్రం 'చెంఘిజ్ ఖాన్'తో ఏకంగా మంగోలుల గడ్డి మైదానాలకు పోయి, తెలుగువాడు ఏ కాలంలోనైనా కాలు పెట్టగలడని చూపించారు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో దూరం పోలేదు. తన చిన్నతనపు తెలంగాణలోనే దిగారు. ఉర్దూలో అబ్దుల్ హలీం షరర్, కొన్నాళ్లు హైదరాబాద్‌లో కొలువు చేసినవాడు, వాల్టర్ స్కాట్ నవలలో క్రూసేడ్ల కాలాన్ని చూసి నొచ్చుకుని, అదే కాలాన్ని తన వైపు నుంచి రాశాడు. కోపం కూడా కాలాన్ని ఎంచుతుంది.

మదీనా సొంత రచయిత ఏం చేశాడన్నది నాకు మరీ ఆసక్తి. అబ్దుల్ ఖుద్దూస్ అల్ అన్సారీ ఇక్కడే పుట్టాడు. 1930లో ఆయన రాసిన 'అత్తౌఅమాన్', అంటే కవలలు, తొలి సౌదీ నవలగా పేరుపొందింది. అడుగడుగునా చరిత్ర ఉన్న ఊళ్లో పుట్టి, నవలకు ఆయన ఎంచుకున్నది తన కాలాన్నే. ఇద్దరు అన్నదమ్ములు, రెండు రకాల చదువులు. ఊరి పురాతన కట్టడాల గురించి వేరే పుస్తకం రాశాడు, 1935లో. 'అల్ మన్‌హల్' పత్రిక పెట్టాడు. కథ ఒకచోట, ఆధారం ఒకచోట, రెండింటినీ కలపలేదు. ఆయన తర్వాతి తరాలు ధైర్యంగా వెనక్కి నడిచాయి. ముహమ్మద్ హసన్ అల్వాన్ ఇబ్న్ అరబీ జీవితం మీద రాసిన నవలకు 2017లో అరబ్ నవలా బహుమతి వచ్చింది. ఉమైమా అల్ ఖమీస్ పదకొండో శతాబ్దంలో ఒక పుస్తకాల వర్తకుణ్ని నగరం నుంచి నగరానికి నడిపించింది.

అన్సారీ రాసుకున్న ఊరు ఇప్పుడు చాలావరకు లేదు. ప్రవక్త మసీదు విస్తరణ 1950లలో ఒకసారి, 1985 తర్వాత మరింత పెద్దగా జరిగింది. పాత నగరం దాదాపుగా ఇప్పటి మసీదు ఆవరణలో కలిసిపోయింది. లక్షల మందికి నమాజుకు చోటు దొరికింది, ఆ మేలు నేనూ పొందినవాణ్నే. మున్షీ అద్దెకున్న సందు మాత్రం పాలరాతి కింద ఎక్కడో ఉంది. నిజాం హాజీల కోసం ఏర్పరచిన రుబాత్‌లు, అంటే సత్రాలు, ఈ ఊళ్లో అలాగే కనుమరుగయ్యాయి. నా మనిషి కాలం నుంచి చేత్తో తాకగలిగింది ఈ స్టేషన్. అందుకే అడుగులు పెట్టి కొలుచుకున్నాను.

బయటికొచ్చేసరికి పది దాటింది. బోధన్ ఆయన వెళ్లలేదు. చెట్టు నీడన బండి పెట్టుకుని, సులైమానీ చాయ్ రెండు కప్పులు తెచ్చి ఉంచాడు. లోపల ఏం చూశావని అడిగితే మున్షీ కథ మొత్తం చెప్పాను. చందా, వరద, ముట్టడి, రైలు. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"గిదంత నీకు ఎవరు చెప్పిన్రు?" అన్నాడు చివరికి.

పుస్తకాల పేర్లు, తేదీలు చెప్పాను. తలూపాడు. కప్పు అడుగున మిగిలిన చాయ్ నేల మీద పోశాడు.

"మరి రైలెక్కేటప్పుడు ఆయన ఏం పట్టుకపోయిండు?"

నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లలో ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

"మేం ఊరికి పోయేటప్పుడు ఇమానంల ముప్పై కిలోలు ఇస్తరు భాయ్. పద్దెనిమిదేండ్ల సామాను. రాత్రంత ముందటేసుకోని, ఇది తీసి అది వెట్టుడు, అది తీసి ఇది వెట్టుడు. ఖజూర్ పండ్లు తీస్తే అమ్మి బాధపడ్తది, దుప్పటి తీస్తే పోరి ఏడుస్తది." బండి తాళం తిప్పాడు. "ఆయన ఏం ఇడిశిపెట్టిండో రాయి. ఫస్టు అది రాయి."

నోట్‌బుక్ తీశాను. బండి కదిలింది. హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు మున్షీ పెట్టెలో ఏమేం ఉండొచ్చో ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు ఆయన. అత్తరు సీసా, ఇత్తడి లోటా, భార్య కుట్టిచ్చిన జానిమాజ్, ఇంటి తాళంచెవి. తాళంచెవి దగ్గర ఇద్దరం ఆగాం.